మావాడు మోగించిన స్పోర్ట్స్ కారు

ఈ రోజు నా ఆనందం పట్టరానిది మిత్రులారా. జనగామలో మెకానిక్ షెడ్డు నడిపే మా పెద్దోడు ఒక ప్లాట్ల వ్యాపారి స్పోర్ట్స్ కారుకు సైలెన్సర్ మార్చి, ఇంజిన్ ట్యూనింగ్ చేశాడు. చప్పుడు నచ్చితే తన మిగతా రెండు కార్లూ ఇదే పనికి ఇస్తానన్న ఆ వ్యాపారి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని దేవరుప్పుల వైపు నడిపాడు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర ఆగగానే ఒక అవ్వ పొలంలోంచి ఉరికొచ్చింది.

"బిడ్డా, వరికోత మిషన్ ఏడుంది? సప్పుడు ఇనొచ్చింది."

"గది ఈ కారు సప్పుడే అవ్వా," అన్నాను నేను.

"గింత చిన్నదానికి గంత సప్పుడా? జర మంచి మెకానిక్‌కు సూపెట్టు."

పొలం దాకా వినపడిందని వ్యాపారి మురిసిపోయి, మిగతా రెండు కార్లూ మావాడికే అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. ఆ మెకానిక్ నా కొడుకేనని అవ్వకు మాత్రం చెప్పలేకపోయాను. మీరైతే చెప్పేవారా?