సగటు రెండు, ఫ్రిజ్‌లో పన్నెండు

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతున్నాను. దిగడం ఆపలేదు. కిందికొచ్చి అరకిలో జామకాయలు కొన్నాను. వారం దాటాక గానీ వాళ్లింటికి వెళ్లలేదు. ఆదివారాలు చర్చిలో మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపించే నా గొంతు ఆయన ఇంటి ముందు లేవలేదు. చంకలో బైబిల్ ఉంది. ఏ పేజీ తెరవాలో తోచలేదు.

నేను పదో తరగతి దాటలేదు. బైబిల్ వాక్యం నేర్చుకున్నట్టే ప్రోగ్రాములు రాయడమూ సొంతంగానే నేర్చుకున్నాను. దిద్దింది మాత్రం కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఈ సారే. స్క్రీన్ మీద ప్రతి అంకెనూ వేలితో తాకుతూ పైకి చదివేవారు.

ఒకసారి చంపాపేట్‌లో ఒక మందుల షాపు ఫ్రిజ్‌కి సగటు ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రాం రాసిచ్చాను. రెండు సెకన్లకో రీడింగ్. చిన్న యంత్రం కదా అని, కూడిన మొత్తాన్ని కూడా పదహారు బిట్ల దశాంశ సంఖ్యగా, అంటే మూడు నాలుగు అంకెలే గుర్తుండే చిన్న గడిలోనే, ఇరికించాను. సాయంత్రం గర్వంగా సార్‌కి చూపించాను.

"ఏమయ్యా పాస్టరూ, పొద్దుట్నుంచీ రీడింగ్ పన్నెండే కదా. సగటు రెండేంటి?"

"మంచిగ చల్లగున్నట్టు గదా సార్?"

"నీ మొహం! మొత్తం పెద్దదయ్యాక కొత్తగా వచ్చే పన్నెండు దానికి ఆనట్లేదు. అది అక్కడే ఆగిపోయింది, నువ్వు భాగించే సంఖ్య మాత్రం పెరుగుతోంది. దాచేది చిన్న గిన్నెలో దాచుకో. కలిపేది పెద్ద గిన్నెలో కలుపు."

అరవై నాలుగు బిట్లకు మార్చడం నిమిషం పని. మార్చేసి ఊరుకుందామనుకున్నాను.

"ఆ ఫ్రిజ్‌లో ఉన్నది ఇన్సులిన్, ఎనిమిది డిగ్రీలు దాటితే చెడుతుంది. అది ఎవరు వేసుకుంటారు?"

"చెప్తే ఇంకెవ్వరు పనియ్యరు సార్ నాకు."

"ఆదివారం పాపాలు ఒప్పుకోండి, ఒప్పుకోండి అని అందర్నీ అదరగొడతావుగా. పద."

షేర్ ఆటోలో వెళ్లాం. చెప్పాను. షాపాయన ఫ్రిజ్ తలుపు లాగి చూశాడు.

"గా రెండు చూసే ధీమాగున్న గదనే! ఇయ్యాల ఒకామె ఇన్సులిన్ తీస్కపోయింది." ఆమెకు ఫోన్ చేశాడు. "ఇంక ఏస్కోలేదంట. బతికిన. నువ్వు మల్ల నా షాపు మెట్లెక్కకు."

ఆ బజారులో మళ్లీ ఎవరూ నన్ను పిలవలేదు. ఒప్పుకోలు గురించి ఏళ్ల తరబడి ప్రసంగించినవాణ్ణి. చేసింది ఆ సాయంత్రమే.

వెళ్లేముందు ఇన్సులిన్ అంతా మేమే తీసేయాల్సి వచ్చింది. షాపాయన ఖాళీ అట్టపెట్టెను మా ముందుకు తన్నాడు. సార్ ప్యాంటు మడుచుకుని నేల మీద కూర్చున్నారు. ఒక్కో సీసా లైటుకు ఎత్తిపట్టి, మందు పేరు చదివి, పెట్టెలో పెడుతున్నారు. నేను గుప్పెడు తీసి వేయబోతే, "ఒక్కొక్కటే" అంటూ నా మణికట్టు పట్టుకున్నారు. వదలకుండానే రెండో చేత్తో ఇంకో సీసా తీసి, లైటుకు ఎత్తారు.