వదిన తీసేసిన నత్త

మా వదినకు కుదురు తప్ప అన్నీ ఉన్నాయి. పగలంతా దంతాల ల్యాబులో పెట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. ఇంటికొచ్చాక చేతికంటిన ప్లాస్టర్ పొడి కడుక్కోకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. వంట సంగతి అడగకండి, అది మా అన్నయ్య చూసుకుంటాడు. ఆడపడుచును కనుక దెప్పే హక్కు నాకుంది.

ఆవిడ పిచ్చి హామ్ రేడియో, అంటే సరదాకి ఇంట్లోనే పెట్టుకుని ఊరూరివాళ్ళతో మాట్లాడుకునే రేడియో. మనం టైపు చేసిన అక్షరాలను కంప్యూటర్ కూతలుగా మారుస్తుంది, రేడియో వాటిని గాలిలోకి వదులుతుంది, ఎక్కడో ఇంకొకరి కంప్యూటర్ ఆ కూతలను మళ్ళీ అక్షరాలు చేస్తుంది. ఫోను అక్కర్లేదు. ఈ మార్చే ప్రోగ్రామును మోడెమ్ అంటారు. దాన్ని రాసింది మా వదినే. కొన్ని వందలమంది ఊరికే వాడుకుంటున్నారు. రాసి ఊరుకుంటే బాగుండేది. నెలకో కొత్త వెర్షన్ అంటూ, బాగా నడుస్తున్నదాన్ని విప్పుతుంది, బిగిస్తుంది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని నేనంటే, "నీ నాలుక మాత్రం ఏ మందుకీ ఊడదు" అంటుంది.

ఈసారి వెర్షన్‌లో అక్షరాలు పంపే పద్ధతుల్లో ఏకంగా ఒకదాన్నే తీసేసింది. అక్షరానికి ఏడెనిమిది సెకన్లు తీసుకునే పద్ధతి అది. దానికి నత్త అని పేరు కూడా తనే పెట్టింది. నెలరోజులు సాయంత్రంపూట రేడియో పెట్టుకుని వింటే నత్తలో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

"ఎవరూ వాడనిది ఎందుకు? చూస్తుంటేనే విసుగు పుడుతోంది" అంది. కొత్త వెర్షన్ దానంతటదే అందరి కంప్యూటర్లలోకీ వెళ్ళిపోయింది.

నాలుగో రోజున ఒక మెయిల్ వచ్చింది. వదిన చదివి, తెరను నావైపు తిప్పింది.

"అమ్మా, నేను తాళాలు బాగుచేసుకునేవాణ్ణి. వేరే ఊళ్ళో ఉన్న మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఒక్క వేలు ఆడుతుంది. ఫోన్ చేతికిస్తే విసిరికొడతాడు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి నేర్చుకున్న రేడియో ఒక్కటే ఆయనకు ఇష్టం. రోజూ పొద్దున ఆరింటికి నత్తలో మాట్లాడుకునేవాళ్ళం. మిగతా పద్ధతుల్లో ఆయన రెండో అక్షరం వెతుక్కునేలోపే, మాట అయిపోయిందనుకుని మీ ప్రోగ్రాం ఆగిపోతోంది. ప్రోగ్రాం మారిందని ఆయన్ను చూసుకునే ఆయాతో చెప్పించినా నమ్మడంలేదు. ఒక్కో అక్షరం కోసం కూర్చోలేక నేనే తప్పించుకున్నాననుకుంటున్నాడు. అన్నం సరిగా తినడం లేదట."

వదిన ముఖం ప్లాస్టర్ కంటే తెల్లబడింది. "పొద్దున ఎప్పుడూ వినలేదమ్మాయ్. సాయంత్రాలే విన్నాను" అంది. నాకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాట ఆవిణ్ణి చూసి మింగేశాను.

"పాత వెర్షన్ పెట్టుకోమని చెప్పరాదూ?" అన్నాను.

"తమ్ముడు పెట్టుకుంటాడు. అక్కడ ఆయాకు కంప్యూటర్ ముట్టుకోవడం కూడా రాదు. నేను కొత్తది వదిలితేనే దానంతటదే వెళ్ళేది."

లోపలంతా మార్చేసింది కదా, పాత నత్త అందులో ఇమడలేదు. ల్యాబుకు సెలవు పెట్టింది. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. మెట్లు దిగి గేటుదాకా వెళ్ళేది, ఏదో తట్టి పరుగున వచ్చి రెండు లైన్లు రాసేది, తిట్టుకుంటూ చెరిపేసేది. ఒకసారి దువ్వెన ఫ్రిజ్‌లో దొరికింది. మూడో రోజు మధ్యాహ్నం కొత్త వెర్షన్ వదిలి, తమ్ముడికి మెయిల్ పెట్టింది. అప్పట్నుంచి ఒకటే గొడవ: "వెళ్ళి ఉంటుందంటావా? పెద్దాయన కంప్యూటర్ కట్టేసి ఉంటే?" పదిసార్లు అడిగింది. నాకేం తెలుసు!

మర్నాడు ఆరింటికి ఇద్దరం రేడియో ముందు కూర్చున్నాం. గరగర తప్ప ఏమీ లేదు. ఆరూ అయిదు. ఆరూ పది. వదిన మోకాలు ఊగుతుంటే బల్ల మీద గ్లాసు కదులుతోంది. ఆయన ఇక రాడేమో అనిపించింది.

సన్నగా ఒక కూత మొదలైంది. తెర మీద ఒక అక్షరం పడింది. చాలాసేపటికి ఇంకొకటి. గ్లాసు కదలడం ఆగింది. ఒక్క మాట పూర్తికావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"విసుగొచ్చిందా"

అడిగింది తమ్ముణ్ణి. తల దించుకున్నది మా వదిన.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. తప్పు నాదని రాద్దామని ఆవిడ వేలు కీబోర్డు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చేసింది. అన్నదమ్ముల మధ్యలో మనమెందుకు? తమ్ముడి జవాబు కూడా నత్తలోనే, నింపాదిగా వచ్చింది. "లేదన్నయ్యా. చెప్పు."

మళ్ళీ కూత మొదలైంది. గడియారం ఏడున్నర దాటింది.

"వదినా, ల్యాబుకు టైమైంది" అన్నాను.

"ఉండు. ఆయన ఇంకా చెబుతున్నాడు" అంది.