మస్తాన్ నిలబడే చోటు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. కడపలో గ్యారేజీ సామాన్లు అమ్మే ఒక డీలర్ దగ్గర నేను సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. ఎవరైనా కార్లను పైకెత్తే లిఫ్ట్ కొంటే, బిగించే ముందు వెళ్లి చోటు చూసి సరే అనడమో, కాదనడమో నా పని. అలా ఒక ఉదయం మైదుకూరులో, కర్నూలు రోడ్డు మీద ఉన్న ఒక గ్యారేజీకి వెళ్లాను.

గ్యారేజీ ఇద్దరు స్నేహితులది. స్థలం ఓబుల్‌రెడ్డిది, పనితనం మస్తాన్‌ది. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు, యాభై దాటినా ఇంకా ఒరే అంటే ఒరే. ఓబుల్‌రెడ్డి ఇస్త్రీ చొక్కా నలగకుండా కౌంటర్లో కూర్చుని స్పేర్ పార్టులు అమ్ముతాడు. మస్తాన్ బండ్ల కింద ఉంటాడు. కింద అంటే, నేలలో తవ్విన గుంతలోకి దిగి, పైన నిలిపిన బండికి మెడ ఎత్తి పనిచేయడం. ఆ మెట్లు ఎక్కీ దిగీ అతని మోకాళ్లు అరిగిపోయాయి. నేను వెళ్లేసరికి గట్టు మీద రెండు చేతులూ ఆనించి, పళ్లు బిగబట్టి పైకి వస్తున్నాడు. ఓబుల్‌రెడ్డి చూడలేక మొహం అటు తిప్పుకున్నాడు.

"లిఫ్ట్ ఎందుకు తీసుకుంటున్నారు సార్?" అని అడిగాను. ఏ బండ్లకో తెలిస్తే బరువు లెక్క తెలుస్తుంది.

"గిరాకీ పెరిగింది గదమ్మా," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

మస్తాన్ నవ్వాడు. "గిరాకీ గాదు, గిరాకీ గాదు. నా మోకాళ్ల కోసరం. నోటితో చెప్పేదానికి వానికి నామోషీ."

"నువ్వు మూస్కో రా," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

చోటు కూడా ఆయనే ఎంచి పెట్టాడు. రేకుల షెడ్డు ముందు భాగం. పైకప్పు ఎత్తుగా ఉంది, గాలి వస్తుంది, కింద కొత్తగా పరిచిన కడప బండలు నిగనిగలాడుతున్నాయి. "ఈడయితే వానికి రోడ్డు కనపడతాది. పొయ్యేటోళ్లనూ వచ్చేటోళ్లనూ పలకరించకుంటే వాని చేతులు పని చెయ్యవు," అన్నాడు.

వాళ్లు కొన్నది టూ-పోస్ట్ లిఫ్ట్. రెండు ఉక్కు స్తంభాలు, వాటి చేతుల మీద కారు. బరువంతా ఆ రెండు స్తంభాల అడుగునున్న బేస్ ప్లేట్ల మీదే పడుతుంది. వాటిని నేలలోకి దిగే యాంకర్ బోల్టులు పట్టుకుని ఉంటాయి. నేలలో మంచి మందమున్న కాంక్రీటు లేకపోతే బోల్టుకు పట్టు చిక్కదు. పైన బండ ఎంత గట్టిదైనా ఆ లెక్కలోకి రాదు. అందుకే స్తంభం నిలిచే చోట ముందు ఒక టెస్ట్ హోల్ వేసి చూస్తాం.

ఆ మాట చెప్పగానే ఓబుల్‌రెడ్డికి కోపం వచ్చింది. "కొత్త బండకు బొక్క పెడతావా? లోడు లారీలు నిలబడినాయమ్మా ఈడ. ఏమన్నా అయిందా?"

"లారీ బరువు ఆరు చక్రాల మీద పరుచుకుంటుంది సార్. ఇది రెండు చోట్లే పడుతుంది. పైగా కింద మనిషి ఉంటాడు."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. మస్తాన్ అడ్డుపడ్డాడు. "ఆ కింద ఉండే మనిషిని నేనే గదా. కొట్టనీ రా."

డ్రిల్ మొదలుపెట్టాను. బండ దిగింది. పలచటి కాంక్రీటు దిగింది. మళ్లీ ఏదో రాయి తగిలింది. అది కూడా దాటాక డ్రిల్ నా చేతుల్లోంచి ఒక్కసారిగా పిడి దాకా కిందికి జారింది. బయటికి లాగితే ఆ తూటులోంచి ముక్కిపోయిన గింజల వాసన వచ్చింది. టేపు వదిలాను. మనిషి ఎత్తు దాటినా అడుగు తగల్లేదు.

ఓబుల్‌రెడ్డి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"పాతర," అన్నాడు మెల్లగా. "మా జేజినాయన కాలంలో ఇది మా కళ్లం. జొన్నలు పోసేటోళ్లు. ఎప్పుడో పూడ్సినారు అనుకుంటిమి. ఉన్నా ఆ గోడ పక్కన ఉంటాది అనుకుంటి."

పాత రోజుల్లో ధాన్యం దాచే గుంత అది. నోటికి రాతిమూత పెట్టి వదిలేసినట్టున్నారు. ఎవరో ఆ మూత మీదే నేల పరిచారు.

ఆయన మస్తాన్ వైపు చూశాడు. "నేనే నిన్ను ఈడ నిలబెట్టి పాతర్లో ఏసుండేవాణ్ణి గదరా."

"ఏసినావా? లేదు గదా. లెయ్, చొక్కాకు మన్ను అయితాండాది," అన్నాడు మస్తాన్, చెయ్యి అందిస్తూ.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం షెడ్డు అంతా వెతికాం. ఒక చోట కరెంటు తీగలు అడ్డం, ఇంకో చోట దూలం తక్కువ ఎత్తు. ఆఖరికి వెనక గోడ పక్కన గట్టి నేల దొరికింది. అక్కడ కూడా పాత గచ్చు పెళ్లగించి, లోతుగా తవ్వి, కమ్ములు కట్టి కొత్త కాంక్రీటు పోయమన్నాను. పోశాక దాదాపు నెల రోజులు క్యూరింగ్ కావాలి, అంటే తడి గోనెలు కప్పి కాంక్రీటు బలం పుంజుకునే దాకా ఆగాలి. పాతరను రాళ్లూ మట్టీ పోసి నింపమన్నాను.

"అంత వరకూ?" అన్నాడు మస్తాన్, తను దిగి పనిచేసే గుంత వైపు చూస్తూ.

"అంత వరకూ నువ్వు దిగొద్దు," అన్నాడు ఓబుల్‌రెడ్డి.

మధ్యలో కాంక్రీటు చూడటానికి వెళ్లినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో మస్తాన్. గుంతలో ఓబుల్‌రెడ్డి, మొహమంతా నల్లటి ఆయిలు.

"ఆ నట్టు గాదు రా, పక్కది! ఎడమకు తిప్పు! ఇన్నేండ్లు స్పేర్ పార్టులు అమ్మినావు, ఏది యాడ ఉంటాదో తెలీదా?"

"ఒరే, నాకు మెడ పట్టేసింది రా! నువ్వెట్ల చేస్తాంటివి ఇన్నేండ్లూ?"

మస్తాన్ టార్చి లైటు ఇంకొంచెం వంచి పట్టుకున్నాడు. వెనక గోడకు అప్పటికే పెద్ద కిటికీ కొట్టించారు. ఎందుకని నేను అడగలేదు. అందులోంచి వెనక సందూ, దాని మొదట్లో రోడ్డు ముక్కా కనిపిస్తున్నాయి.

లిఫ్ట్ బిగించిన రోజు మొదటి కారు ఎత్తాం. తగిన ఎత్తుకు వచ్చాక కారు కిందికి జారకుండా పట్టే లాకులు పడిన చప్పుడు రెండు వైపులా వినిపించింది. మస్తాన్ అడుగు ముందుకు వేశాడు. ఓబుల్‌రెడ్డి అతని భుజం పట్టి ఆపాడు. తనే కారు కిందికి వెళ్లి నట్టనడుమ నిలబడ్డాడు. పైనున్న బండిని చూస్తూ కాసేపు అలాగే ఉన్నాడు. బోల్టుల బిగువంతా నేను కొలిచి చూశానని ఆయనకు తెలుసు. అయినా ఉన్నాడు.

తర్వాత పక్కకు జరిగి, "ఇంగ రా," అన్నాడు.

మస్తాన్ వెళ్లి నిటారుగా నిలబడి, ఇంజను అడుగున అరచెయ్యి ఆనించాడు. వంగకుండా, దిగకుండా బండి కడుపు అందుకోవడం అతనికి అదే మొదటిసారి. "ఎంత సులువుగా ఉండాది రా ఓబులూ," అన్నాడు.

నేల మందం, పైకప్పు ఎత్తు, తీగల దూరం, ఇవన్నీ కొలవడం నాకు చదువులో నేర్పారు. కానీ చోటు బాగుందని చెప్పే మాటకు ఏం పూచీ ఉండాలో మైదుకూరులోనే తెలిసింది. అప్పటి నుంచి ఏ గ్యారేజీలో లిఫ్ట్ బిగించినా, మొదటి బండి పైకి లేచాక దాని కింద ముందు నేను నిలబడతాను. ఆ తర్వాతే మెకానిక్‌ను పిలుస్తాను.