ఎల్లేశం లైటు తిప్పిన ఫోటో

కొత్తగూడ చౌరస్తాలో ఎల్లేశం ఫోటో స్టూడియోకి నేను మొదటిసారి వెళ్లింది 1999 వేసవిలో, మా పాప పుట్టినరోజు ఫోటో కోసం. నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ. లైటు వెయ్యగానే అది ఎన్ని వాట్లని అడిగాను, పాప కళ్లకు ఏమీ కాదు కదా అన్నాను, దాని నుదురు మూడుసార్లు తడిమి చూశాను. అతను విసుక్కోలేదు. లైటు ముందు తెల్ల గుడ్డ కట్టి, "ఇగ ఫికర్ లేదు మేడం" అన్నాడు.

ఎల్లేశం పదో తరగతితో చదువు ఆపేసి, నెగెటివ్‌ల మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు మాపడం నేర్చినవాడు. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయేలా ఉంటే, అమీర్‌పేట వెళ్లి మూడు నెలలు ఫోటోషాప్ నేర్చుకొచ్చాడు. హైటెక్ సిటీలో ఉద్యోగాలకొచ్చే కుర్రాళ్లకు ఫోటోలో లేని కోటు తొడిగి, టై కట్టి పంపేవాడు. ఒక్కో ఫోటోని ఒక్కో గాజు పలక మీద అతికించి, పలకలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఈ పని అని నాకు చెప్పాడు.

మేం లేచే సమయానికి ఖాజాగూడ నుంచి కొమురమ్మ వచ్చింది. చంకలో ఎనిమిది నెలల మనవడు. ఆమె కూతురు భాగ్య వాణ్ని కన్న మూడో రోజే పోయింది. తల్లీబిడ్డలున్న ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లినాటి ఫోటో మాత్రం ఉంది.

"రేపు వీడు మా అమ్మ ఏదంటే ఏం చూపియ్యాలె, ఎల్లేశం?"

ముఖం పెళ్లి ఫోటోలోంచి తీస్తానన్నాడు ఎల్లేశం. కానీ పిల్లవాణ్ని ఎత్తుకున్న చేతులు ఎక్కణ్నుంచి తేవాలి? మొహమాటపడుతూ నా వైపు చూశాడు. పిల్లవాడికి ముక్కు కారుతోంది. జలుబు మా పాపకు అంటుతుందని నా భయం. అయినా పాపను కొమురమ్మకిచ్చి వాణ్ని ఎత్తుకున్నాను. వాడు నా పైటచెంగు పట్టుకుని వదల్లేదు. ఎల్లేశం అలాగే ఫోటో తీశాడు.

వారం తర్వాత మా ఫోటోలకు వెళ్తే, తెర మీద ఆ బొమ్మ చూపించాడు. భాగ్య ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది, నా చేతుల మీద కుడి నుంచి. ముఖాన్ని అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుందని నేనే చెప్పాను. తిప్పాడు. చక్కగా అతికింది. నా చదువు ఇక్కడ పనికొచ్చిందని లోలోపల పొంగిపోయాను.

ఫ్రేము కట్టించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కొమురమ్మ చాలాసేపు చూసి, ఫోటోని టేబుల్ మీద బోర్లా పెట్టేసింది.

"గీమె మా భాగ్య గాదు."

ఎందుకని అడిగితే తన ముక్కుకు కుడి వైపు వేలు పెట్టి చూపించింది. భాగ్య ముక్కుపుడక కుడివైపు. ఫోటోలో ఎడమకు పోయింది. సలహా నాదని చెప్పబోయాను. అంతలో ఎల్లేశం, "తప్పు నాదే అవ్వా, జర టైమియ్యి" అనేశాడు.

నా చేతుల బొమ్మనే తిప్పుదామన్నాను. అప్పుడు పైట కుడి భుజం మీదికి పోతుంది కదా అని నవ్వాడు. లేచి లైటు స్టాండును గదిలో రెండో పక్కకు మోసుకెళ్లాడు.

"మనిషిని తిప్పొద్దు మేడం. లైటే తిప్పుదాం."

కొమురమ్మ చంకలోంచి పిల్లవాణ్ని మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి ముక్కు నేనే తుడిచాను. ఆ తర్వాత రెండు రోజులు అతను ఆ ఫోటో మీదే కూర్చున్నాడు. భాగ్య చెవి పక్కన గాలికి లేచిన వెంట్రుకల్ని కత్తిరించి పారెయ్యకుండా ఒక్కొక్కటీ గీశాడు. మధ్యలో కరెంటు పోయి చేసిందంతా మాయమైతే, మళ్లీ మొదటి వెంట్రుక నుంచి మొదలుపెట్టాడు. ఎవరి చెవి పక్కన వెంట్రుకలైనా నేను అంత ఓపికగా చూడలేదు.

కొమురమ్మ ఈసారి ముందు ముక్కుపుడక మీద వేలు పెట్టింది. తర్వాత మనవడి మీద, తర్వాత చేతుల మీద.

"గివి నీ చేతులు గదా బిడ్డా?"

అవునన్నాను. మళ్లీ బోర్లా పెట్టేస్తుందేమోనని ఎల్లేశం ఫ్రేము అంచు మీద చెయ్యి వేశాడు.

"ఉండనియ్యి. ఎత్తుకున్నవు గదా" అంది.

ఫ్రేముని మనవడి వైపు తిప్పింది. వాడు చొంగ కారుతున్న అరచేత్తో, సరిగ్గా భాగ్య ముఖం మీద చరిచాడు. అద్దం మీద మరక పడింది. తుడుద్దామని ఎల్లేశం గుడ్డ తీశాడు. కొమురమ్మ తుడవనియ్యకుండా, మరకతోనే ఫ్రేముని కొంగులో చుట్టేసుకుంది.