ఉన్నారా అని అడిగే మాస్టారు

మాస్టారు పోయారని, మంగళవారం ఉదయం నేను పాఠం చెప్పడానికి తాడేపల్లిగూడెంలో బస్సు దిగుతుండగా ఫోనొచ్చింది. చేసింది ఆయన భార్య. "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అన్నారు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఐదేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మాస్టారు ఏలూరులో ఒక మేడ మీది గదిలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్షలకు పాఠాలు చెప్పేవారు. నేను ముదినేపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. ఆయన పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఆగి "ఉన్నారాండీ?" అనేవారు. మేం "ఉన్నామండీ" అంటేనే ముందుకు కదిలేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మల్టీకాస్ట్ పాఠం దగ్గర ఆయన మరీ మొండి. ఒకచోట నుంచి ఒక్కసారి పంపిన వీడియో, కావాలని అడిగిన తెరలన్నిటికీ అందే పద్ధతి అది. మొదటి మెట్టు పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. లోతుగా అడిగేది పై మెట్టులోనే. అందుకే మిగతా సెంటర్లు దాన్ని ఎగరగొట్టేవి. మాస్టారు మాత్రం, కంప్యూటర్లనూ తెరలనూ తీగలతో కలిపే పెట్టెలైన స్విచ్చిల పాఠం అవగానే వారమంతా దాని మీదే కూర్చునేవారు. "పరీక్షలో ఎంత ఉందని కాదమ్మా, రేపు నువ్వెళ్లే చోట ఎంత ఉంటుందో చూసుకో" అనేవారు.

నేను చూసుకోలేదు. ఆ వారం క్లాసు ఎగ్గొట్టి, ఎవరో బయటపెట్టిన ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి పాసయ్యాను. మాస్టారు అందరికీ పూతరేకులు పంచారు. సిగ్గులేకుండా నేనూ తిన్నాను.

కొల్లేటి పక్కన ఒక చేపల చెరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. గట్ల మీది కెమెరాల వీడియో మూడు గదుల్లో తెరల మీద కనిపించేలా నేను ఏర్పాటు చేయాలి. చేసిన రోజే మబ్బు పట్టింది. అలాంటి రోజు నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలతాయి. వెంటనే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేయకపోతే చెరువంతా పోతుంది. తెరలు బాగానే వెలిగాయి. నాలుగు నిమిషాలకు ఆగిపోయాయి. మళ్లీ తెరిచాను; మళ్లీ నాలుగు నిమిషాలే. మేనేజరు గారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

"ఏవండీ మేడం, సర్టిఫికెట్టు ఉందన్నారు కదండీ?"

వరండాలోకి వెళ్లి మాస్టారికి ఫోన్ చేశాను.

"ఎంతసేపు ఆడి ఆగుతోందమ్మా?"

"నాలుగు నిమిషాలండీ."

"అక్కడ 'ఇంకా ఉన్నారా' అని అడిగేవాళ్లు లేరు. అడక్కపోతే తెరలు బదులివ్వవు. అందరూ వెళ్లిపోయారనుకుని స్విచ్చి వీడియో ఆపేస్తుంది. ఒక స్విచ్చికి ఆ అడిగే పని అప్పజెప్పు."

అప్పజెప్పాను. ఐదో నిమిషం దాటింది. పదో నిమిషమూ దాటింది. ఓ చెరువులో చేపలు తేలడం తెర మీదే చూసి మేనేజరు గారు ఏరేటర్లు వేయించారు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "ఆ పాఠం చదివావు కదమ్మా?"

"చదివానండీ" అన్నాను. "సరేనమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం పదింటికి ఫోన్. "ఉన్నావామ్మా? చెప్పాల్సిందేమన్నా ఉందా?" "ఏం లేదండీ." అంతే. ఆదివారం దగ్గరపడుతుంటే నాకు దడ మొదలయ్యేది. ఆయన ఆఖరిసారి చేసినప్పుడు నేను ఫోన్ ఎత్తనేలేదు.

దినానికి ఏలూరు వెళ్లాను. మాస్టారి భార్య నన్ను వంటింట్లోకి పిలిచారు. "అటెండెన్స్ పుస్తకంలో ఆ వారమంతా నీ పేరు దగ్గర ఖాళీయేనటమ్మా. ఆయనకి తెలుసు. 'తనంతట తనే చెబుతుందిలే, అడుగుతూ ఉంటాను' అనేవారు."

తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆయన ఒక్కసారి కోప్పడి ఉంటే బాగుండేది.

కొన్నాళ్లుగా నేనూ అవే పరీక్షలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న మొదటి ఆదివారం తాడేపల్లిగూడెంలో నా క్లాసు. మల్టీకాస్ట్ పాఠం. ఫోన్ బల్ల మీద పెట్టుకున్నాను. పదయింది. "ఈ పాఠం నేను చదవకుండానే పాసయ్యానండీ. మా మాస్టారికి అబద్ధం చెప్పాను" అన్నాను. తర్వాత మాస్టారిలాగే ఆగి, "ఉన్నారాండీ?" అన్నాను.

వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లగా "ఉన్నామండీ" అన్నారు. నేను ఫోన్ వైపే చూస్తున్నాను.