క్రేను దిగని మనిషి తలనొప్పి

కోవిడ్‌కు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, విశాఖ ఓడరేవులో కంటైనర్లు దించే ఒక ప్రైవేటు కంపెనీలో వైద్యాధికారిగా చేరాను. ప్రభుత్వాసుపత్రిలో రిటైరై, వన్ టౌన్ ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేక ఒప్పుకున్న పని అది. హోదా పేరు పెద్దదే గానీ, ఉన్నది గేటు పక్కన ఒక గది, ఒక మంచం, ఒక నర్సు. అక్కడ డాక్టరు పని జబ్బు నయం చేయడం ఒక్కటే కాదు, ఎవరు ఏ పనికి తగినవాళ్లో తేల్చడం కూడా. క్రేను నడిపేవాళ్లకు ఏటా చూపు, వినికిడి, రక్తపోటు చూస్తాం, మూర్ఛ, తలనొప్పి, కళ్లు తిరగడం ఉన్నాయా అని అడుగుతాం. ఫిట్ అంటే పైకెక్కుతారు, అన్‌ఫిట్ అంటే నేల మీద పని.

అప్పలనాయుడు అక్కడ అందరికంటే సీనియర్ ఆపరేటరు. ఒకరోజు పొద్దెక్కాక కంటైనరును లారీ మీదికి దించబోతూ గాల్లోనే ఆపేశాడు. కింద నుంచి చేతి సైగలతో దారి చూపే సింహాచలం వాకీటాకీలో ఎంత పిలిచినా పలకలేదు. మరో ఆపరేటరును పైకి పంపి ఆయన్ని దింపించారు. నా గదికి వచ్చేసరికి ఒక చేత్తో కళ్లు మూసుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని ఉన్నాడు. వస్తూనే వాంతి చేసుకున్నాడు. లైటు ఆర్పించి, ఇంజెక్షను చేసి పడుకోబెట్టాను.

తేరుకున్నాక నోరు విప్పాడు. “ముందల ఓ పక్క మెరుపుల్లాగ వంకరటింకర గీతలు కనిపిత్తాయి మేడమ్. ఆ ఎనకాల సగం తల పగిలిపోద్ది.”

అది మైగ్రేన్. ఆ గీతలు నొప్పికి ముందొచ్చే సూచన. ఏళ్ల తరబడి ఉన్నా ఏటా జరిగే పరీక్షలో మాత్రం ఏమీ లేదనే చెబుతూ వచ్చాడు. పైగా ముందుజాగ్రత్తగా డ్యూటీకి ముందు రోజూ మందుల షాపులో కొన్న నొప్పి మాత్రలు వేసుకునేవాడు. మైగ్రేన్ ఉన్నవాళ్లు అలా రోజూ మింగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయని ఆయనకు ఎవరు చెబుతారు? అసలు నొప్పి సంగతే ఎవరికీ చెప్పలేదాయె.

న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. ఆయన కూడా మైగ్రేనే అన్నాడు. తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాశాను. చూపు సగం చెదిరినవాడి చేతిలో, మనుషుల నెత్తిన, లారీ అంత పెట్టె ఉంటుంది. మొహమాటానికి చోటు లేదు.

“నన్ను కిందకి దింపీకండి మేడమ్. నాకా పనే వచ్చు. పైనుంటే ఎవులితోనీ మాటాడక్కర్నేదు,” అన్నాడు. భార్య పోయింది, పిల్లల్లేరు, గాజువాకలో ఒక గది. నొప్పి వస్తే కిటికీలు మూసి, తడి తువ్వాలు తలకు చుట్టుకుని, తగ్గేదాకా ఒక్కడే పడుకునేవాడట. అంతా విన్నాను, కానీ రాసింది మార్చలేదు.

క్రేను పైన ఆయన కూర్చునే క్యాబిన్ ఎలా ఉంటుందో చూద్దామని ప్రాణాలు అరచేత పెట్టుకుని లిఫ్టు ఎక్కాను. కాళ్ల కింద అద్దం, ఎదురుగా కళ్లు పొడిచే సముద్రపు వెలుగు. పని చేసినంతసేపూ మెడ వంచి కిందికే చూడాలి. సీటు పక్కన మూత తీయని నీళ్ల సీసా. ఇదేమిటని అడిగితే, అక్కడున్న ఆపరేటరు నవ్వాడు. “తాగితే దిగాల కదండీ. పైన బాత్రూమ్ నేదు. మజ్జిలో దిగినోడు ఆపరేటరేటి?”

మధ్యలో ఇంకొకరికి అప్పగించి దిగొచ్చని రూలు ఉంది. అలా దిగడం మాత్రం అక్కడ నామోషీ. అప్పలనాయుడికి ఒక్కసారీ దిగడన్న పేరుంది. ఆ పేరు కోసం పొద్దున్నుంచీ తిండీ నీళ్లూ మానేసేవాడు. మైగ్రేన్‌ను పిలిచి పీట వేయడానికి అంతకంటే ఏం కావాలి?

రోజువారీ మాత్రలు మాన్పించాను. మొదట్లో నొప్పి ఇంకా పెరిగింది, నన్ను తిట్టుకునే ఉంటాడు. నొప్పి రాకుండా వాడే మందుల్లో చాలావాటికి మగత ఉంటుంది, అందుకే ఆచితూచి మగత తక్కువున్నదాన్ని కొద్ది మోతాదులో మొదలుపెట్టి, నేల మీద ఉండగానే ఎలా పడుతుందో చూశాను. నొప్పికి వేరే మాత్ర ఇచ్చి, మొదలవగానే వేసుకోవాలి తప్ప ముదిరాక కాదని, వారానికి రెండు రోజులు మించకూడదని గట్టిగా చెప్పాను. ఆ నెలల్లో ఆయన గోదాము నీడలో కుర్చీ వేసుకుని, పలకరించేవాళ్లు లేక, తన క్రేనును చూస్తూ కూర్చునేవాడు.

నొప్పులు బాగా తగ్గి, గీతలు కనబడడం ఆగాక, న్యూరాలజిస్టు సరేనన్నాక ఫిట్ రాశాను, షరతులతో. సూచన కనబడగానే బరువు దించి, వాకీటాకీలో చెప్పి, క్రేను అప్పగించాలి. షిఫ్టు మధ్యలో దిగి తినాలి, నీళ్లు తాగాలి. మొదటి షరతుకు తలూపాడు. రెండోదానికి మొహం ముడుచుకున్నాడు.

మొదటిరోజు దిగుతాడో లేదో అని నేనే వెళ్లి నిలబడ్డాను. క్రేను ఆగింది. కింద పనిచేసే గ్యాంగంతా తలెత్తి చూసింది. అప్పలనాయుడు క్యారేజీ పట్టుకుని దిగి, ఎక్కడ కూర్చోవాలో తెలియక లిఫ్టు దగ్గరే నిలబడిపోయాడు.

సింహాచలమే పిలిచాడు. “రా బావా, ఇటొచ్చి కూకో. ఇన్నేళ్లూ నా సేతులు సూసేవు గానీ, నా కూరెప్పుడైనా రుసి సూసేవేటి?”

వెళ్లి కూర్చున్నాడు. మైగ్రేన్ పూర్తిగా పోలేదు, అది పోయే రకం కాదు. ఆ తర్వాత నేనున్నన్నాళ్లలో రెండు మూడుసార్లు బరువు దించి “వత్తంది” అని వాకీటాకీలో చెప్పి దిగిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

అంతకుముందు తలనొప్పితో వచ్చినవాళ్లను మధ్యాహ్నం ఏం తిన్నారని మాత్రమే అడిగేదాన్ని. అప్పటినుంచి ఎవరితో తిన్నారని కూడా అడగడం అలవాటైంది. ఒక్కరే తినేవాళ్లు పూట మానేసినా ఎందుకని అడిగేవాళ్లుండరు, నొప్పి వస్తే చూసేవాళ్లూ ఉండరు. మందు రాసేముందు డాక్టరుకు అది తెలియాలి. ఎవరితో తిన్నారన్న ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను జవాబు చెప్పాల్సిన పని పడలేదు.