అత్త బీరువాకు నేను వేసిన రంగు

డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, ఫోనులో వీడియోలు చూసి పనిమంతుణ్ణయిపోయే జబ్బు ఒకటి నాకుండేది. గీతలు పడిన తలుపులు, అంచులు విరిగిన బల్లలు, ఏవైనా సరే, సరిపోయే రంగు మైనం కరిగించి నింపి, అక్కడ దెబ్బ తగిలిన సంగతే తెలియకుండా చేసే విద్య ఆ వీడియోల్లో పట్టుకున్నదే. రంగురంగుల మైనపు కడ్డీల పెట్టె తెప్పించుకున్నాను. అనంతపురంలో మా ఇంట్లో నింపడానికి గీతలు మిగలక (నాయన చెప్పులను కూడా వదల్లేదు), బుక్కరాయసముద్రంలో అక్క ఇంటి మీద పడ్డాను.

అక్క అత్తగారు ఆ రోజు పెళ్లికని కొత్తచెరువు పోయింది. ఫ్యాను తుడిచిపెట్టమని అక్క అడగడమే పాపమైంది. నేను ఈడ్చిన ఇనుప నిచ్చెన, అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల చెక్క బీరువా మీద జానెడు గీత గీసింది.

"రేయ్, ఏం జేసినావురా! అత్త చూస్తే నన్ను ఈడ నిలబడనిస్తాదా?"

"భయపడొద్దక్కా. నేనుండేది దేనికి?"

"నువ్వుండబట్టే గదరా ఇది!"

బయట ఎండిన చెరువు మీది నుంచి గాలి ఈలలు వేస్తోంది. నేను తెలుపులో గోధుమ రంగు, అందులో కాస్త ఎరుపు కలిపి, బీరువా పక్కన పెట్టి చూసి, మళ్లీ కలిపి, చివరికి గీత నింపేశాను. ఎంత బాగా కుదిరిందంటే, కాసేపటికి గీత ఎక్కడుందో నాకే తెలియలేదు. ఆ పొగరులో తలుపు నిండా ఉన్న పాత దెబ్బలన్నీ వెతికి వెతికి నింపాను. అక్క కళ్లు తుడుచుకుని, "నీకు యాడైనా పని దొరుకుతాదిలేరా" అంది.

సాయంత్రం అత్త వచ్చి, కూర్చోకముందే తడిగుడ్డ పిండి బీరువా తుడిచింది. తుడిచేకొద్దీ బీరువా తెల్లబడింది. నా అతుకులు మాత్రం మట్టిరంగులో అలాగే నిలిచాయి.

"ఏమే, దీనికి అమ్మవారు పోసినాదా?" అంది అత్త.

అప్పుడు అర్థమైంది. నేను రంగు కలిపింది బీరువాకు కాదు, దాని మీది దుమ్ముకు. (ముందు శుభ్రంగా తుడవమని ప్రతి వీడియోలోనూ మొదటి నిమిషంలోనే చెబుతారట. నేను ఎప్పుడూ ఆ నిమిషం దాటించి చూసేవాణ్ణి.) ఉన్నమాట చెబితే గీత తప్పు నాదవుతుంది, సరే. కానీ ఇంట్లో అంత దుమ్ముందన్న నింద అక్క మీద పడుతుంది.

"నిచ్చెన తగిలి గీత పడితే నేనే నింపినానత్తా. తెల్లదే ఏసినాను" అన్నాను.

"ఇది తెలుపా?"

"కాదా? నాకు పుట్టినప్పటి నుంచి రంగులు తెలీవత్తా."

ఆమె వంటింట్లోంచి టమోటా తెచ్చింది. నీలమన్నాను. వంకాయ తెచ్చింది. పసుపన్నాను. పాలగిన్నె తెచ్చేసరికి నాకు ఊపొచ్చి, లేత ఆకుపచ్చ అనేశాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. అది చూసి ఏడుస్తోందనుకుని అత్త గీతను మరిచిపోయింది. "ఏడవగాకు తల్లీ. బీరువాదేముండాది, పిల్లోని బతుకు గదా!" అని అక్కను దగ్గరికి తీసుకుంది.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆ ఇంట్లో మాత్రం నేనింకా రంగులు తెలియనివాణ్ణే. బావ నాకు బండి ఇవ్వడు. అత్త నా పక్కన కూర్చుని, "ఇది ఎర్ర కారం నాయనా, ఇది పచ్చ కారం" అని చెప్పి మరీ వడ్డిస్తుంది. ఈసారైనా నిజం చెప్పేయాలని ప్రతిసారీ అనుకుంటూనే పోతాను. ఆ గొంతు వినగానే తలూపి ముద్ద కలుపుకుంటాను.

మొన్న, ఊరంతా వాన కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, వసారాలో కూర్చుని ఉండగా అత్త ఆకాశం వైపు చెయ్యెత్తింది. "అదో, మోడం చూడప్పా, ఎంత నల్లగుండాదో. నీకు కనపడదులే. ఈ పొద్దు వాన తప్పదు."

తలెత్తి చూశాను. ఉతికి ఆరేసిన తెల్ల పంచెలాంటి మబ్బు తునక ఒకటి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి ఉంది.

"నాకు గూడా నల్లగానే కనపడతాండాదత్తా."

"నీకే కనపడినాదా! ఇంగ వాన ఖాయం" అని మురిసిపోయి, మిద్దె మీది బట్టలు తెమ్మని అక్కను కేకేసింది. అక్క నా వైపు చూసింది. నేనే లేచి, మాడిపోయే ఎండలో మిద్దెక్కి, వాన రాకముందే బట్టలన్నీ తెచ్చి లోపల పెట్టాను.